కొబ్బరినీళ్ళు పడ్డ సర్వర్

మా అత్తగారు ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తుంటే, పక్కన నిలబడి ఫోన్ చూసుకునే రకం నేను. దెయ్యాలు, ఆత్మలు అంటే నవ్వొచ్చేది. పైగా నేను చెప్పేది కంప్యూటర్ పాఠాలు. అక్కడ జరిగే ప్రతిదానికీ ఏదో ఒక కారణం ఉంటుంది, దొరక్కపోతే మనం సరిగా వెతకలేదని అర్థం. ఈ ఒక్క సంగతిలో మాత్రం వెతికి వెతికి ఊరుకున్నాను.

రావులపాలెం దగ్గర ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో పనిచేస్తున్నాను. మా లాబ్‌ని నిలబెట్టింది సుబ్బరాజు మాస్టారు. నాకంటే చాలా సీనియర్, మా డిపార్ట్‌మెంట్ హెడ్. కోపం ముక్కు మీదే ఉండేది. అయితే అదంతా కంప్యూటర్ల మీదే గానీ పిల్లల మీద కాదు. మొరాయించిన మెషీన్‌ని "ఏంటే నీ వేషాలు" అని కసురుకుని, ముందు కూర్చున్న పిల్లతో "నిన్ను కాదమ్మా" అనేవారు.

ఒక్కో కంప్యూటర్‌కీ పెన్‌డ్రైవ్ పెట్టి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడమంటే ఆయనకి చిరాకు. అందుకని ఒక పాత కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వేసి, దాన్ని సర్వర్‌గా మార్చి, లాబ్‌లోని మెషీన్లన్నిటినీ కేబుళ్ళతో దానికి కలిపారు. కావలసిన సాఫ్ట్‌వేర్లన్నీ అమర్చిన సిస్టమ్ కాపీ ఒకటి సర్వర్‌లో ఉంచితే చాలు. మెషీన్లు ఆన్ చేయగానే సర్వర్‌ని అడిగి ఆ కాపీ తెచ్చుకుని, వాటంతట అవే ఎక్కించుకుంటాయి. పెళ్ళిలో ఒకే గుండిగలోంచి పంక్తి మొత్తానికీ వడ్డించినట్టన్నమాట.

ఆ పని మొదలుపెట్టే ముందు గుమ్మం బయట కొబ్బరికాయ కొట్టడం ఆయన అలవాటు. నేను నవ్వితే, "నువ్వు నవ్వు, నేను కొడతాను. ఇద్దరి పనీ అయిపోద్ది" అనేవారు.

మా పిల్లల్లో దుర్గ అని ఒకమ్మాయి ఉండేది. మండపేట వైపు నుంచి బస్సులో వచ్చేది. పుట్టుకతో చూపు లేదు. తెర మీది అక్షరాలని పైకి చదివి వినిపించే ఏర్పాటు ఫోన్‌లో పెట్టుకుని, దానితోనే అన్నీ నేర్చుకుంది. ప్రాక్టికల్ పరీక్షకి పక్కన ఒకరిని కూర్చోబెడతామంటే ఒప్పుకోలేదు. "నా వేళ్ళకి టైపింగ్ వచ్చు కదండీ మేడమ్, ఇంకొకళ్ళు ఎందుకండీ" అంది. మాస్టారు ఆ మాట పట్టుకున్నారు. తెలుగులో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ని కాపీలోనే కలిపేస్తానని, ఇక ఏ మెషీన్ ముందు కూర్చున్నా అది తనతో మాట్లాడుతుందని దుర్గకి మాటిచ్చారు.

ఆ వేసవిలోనే మాస్టారు గుండెపోటుతో పోయారు. ఆ పని మొదలుపెట్టారో లేదో ఎవరికీ తెలియదు. సర్వర్ అంతా నేనే వెతికాను. పాత కాపీ ఒక్కటే ఉంది. నేనే చేద్దామని కూర్చున్నాను గానీ, కీచుమనే శబ్దం తప్ప మాట రాలేదు. చివరికి తోడు మనిషితోనే రాయమని దుర్గకి చెప్పాను. "సరేనండీ" అంది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం మెషీన్లన్నిటిలో పాతదంతా తుడిచేసి, కొత్తగా ఎక్కించడానికి ఆన్ చేసి ఉంచాను. సర్వర్‌లో కాపీ పంపడం మొదలుపెట్టడమొక్కటే మిగిలింది. మాస్టారి పద్ధతి తప్పకూడదని ప్రిన్సిపాల్ గారు కొబ్బరికాయ తెప్పించారు. తెప్పించినవారు గుమ్మం దాకా వెళ్ళకుండా, భక్తి కొద్దీ సర్వర్ పెట్టిన ఇనప స్టాండ్ అంచుకే కొట్టారు. కాయ శుభ్రంగా పగిలింది. నీళ్ళన్నీ సర్వర్‌లోకి పోయాయి. చిటపటమని చిన్న చప్పుడు, కాలిన వాసన, అంతే.

"ఇది మళ్ళీ లేస్తుందాండీ?" అన్నారాయన, రెండు చేతుల్లో రెండు చిప్పలతో. లేవదన్నాను.

లాబ్ సిద్ధంగా లేకపోతే పరీక్ష రాజమండ్రికి మారుస్తారు. కొత్త చోటికి దుర్గని పంపేది లేదని వాళ్ళ నాన్నగారు ముందే చెప్పేశారు. అంటే ఆ పిల్లకి ఆ ఏడాది చదువంతా గంగలో కలిసినట్టే.

సర్వర్ వైర్లన్నీ పీకి, వరండాలో ఎండలో పెట్టి, మూత విప్పి, డిస్క్ కూడా బయటికి తీసి తుడిచాను. ఏడుపొచ్చింది. "ఇప్పుడేం చేయమంటారు మాస్టారూ" అని పైకే అనేశాను. చేసేదేమీ లేక మెషీన్లు ఆపేద్దామని లోపలికి వెళ్ళాను.

ప్రతి తెర మీదా కాపీ ఎక్కుతోంది.

భయం కాదు, ముందు అనుమానం వచ్చింది. సర్వర్‌కి పెట్టే కేబుల్ చూశాను. స్టాండ్ పక్కన ఉత్తినే వేలాడుతోంది. లాబ్‌కి ఇంటర్నెట్ లేదు. ఇంకో సర్వర్ లేదు. ఏదైనా ఒక మెషీన్ మిగతావాటికి పంపుతోందేమోనని వరసగా చూసుకుంటూ వెళ్ళాను. అన్నీ తీసుకుంటున్నవే, ఇస్తున్నది ఒక్కటీ లేదు. ప్రిన్సిపాల్ గారిని పిలిచాను. ఆయన గుమ్మంలోనే ఆగి, నన్నేమీ అడక్కుండా చెప్పులు విప్పారు.

పని పూర్తయి మెషీన్లు ఒక్కొక్కటే మళ్ళీ తెరుచుకున్నాయి. మానిటర్లలోని చిన్న స్పీకర్లలోంచి గొంతులు మొదలయ్యాయి. మాస్టారి గొంతు కాదు. అదే అని చెప్తే కథ బాగుంటుంది గానీ, కాదు. ముక్కుతో మాట్లాడే మామూలు మెషీన్ గొంతు. ఎంత గబగబా మాట్లాడుతోందంటే ఒక్క ముక్క నాకర్థం కాలేదు. చెడిపోయిందేమో అనుకున్నాను.

మర్నాడు ఉదయం దుర్గ లోపలికి వచ్చి, ఆ గొంతు వినగానే ఆగిపోయింది. తర్వాత నవ్వింది.

"తెలుగేనండీ మేడమ్. నేను ఫోన్‌లో పెట్టుకునే స్పీడే ఇది. మీకెలా తెలిసిందండీ?"

నాకు తెలియదు. ఒకప్పుడు దుర్గ పక్కన కూర్చుని, ఎంత వేగంగా వింటావమ్మా అని ఆ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని చూసింది మాస్టారొక్కరే.

తోడు మనిషిని పంపించేశాం. దుర్గ ఒక్కతే రాసింది. అందరికంటే ముందు లేచింది కూడాను. నేను కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

సర్వర్ డిస్క్‌ని తర్వాత రాజమండ్రిలో బాగుచేసేవాళ్ళకిచ్చాను. అదృష్టవశాత్తూ చెడిపోలేదు. అందులో పాత కాపీ ఒక్కటే ఉంది. తెలుగు చదివేది ఏదీ లేదు. నాకు తెలిసినవాళ్ళనీ, తెలియనివాళ్ళనీ అడిగాను. కేబుల్ లేకుండా కాపీ ఎలా వచ్చింది, సర్వర్‌లో లేనిది ఎక్కడి నుంచి వచ్చింది అంటే, నేనే ఏదో మర్చిపోయి ఉంటానన్నారు. కావచ్చు. ఏం మర్చిపోయానో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

దుర్గ పాసై వెళ్ళిపోయింది. కొత్త సర్వర్ వచ్చింది. దానిలో పెట్టడానికి ఆ రోజు ఎక్కిన మెషీన్‌లోంచే కాపీ తీశాను. ఈ గోల ఆపేయొచ్చు కదండీ అంటారు కొత్త పిల్లలు. ఎక్కడ ఆపాలో నాకు తెలుసు, ఆపను.

దెయ్యాలంటే నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. కానీ పొద్దున్నే లాబ్ తెరిచి స్విచ్‌లు వేయగానే అవన్నీ గబగబా మాట్లాడటం మొదలుపెడతాయి. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "వచ్చానండి మాస్టారూ" అని చెప్పి కూర్చుంటాను.