సరిపడా జనం లేరట

యులాలియా బారియోస్‌కి కోపం ముక్కుమీదే ఉంటుందని సాన్ రోకె ఊళ్ళో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. ఫాదర్ ప్రసంగం సాగదీస్తే ముందు వరసలోంచి గట్టిగా దగ్గేది ఆవిడే. ఆమె కొట్లోకి వస్తుంటే త్రాసు తుడిచి పెట్టుకునేవాళ్ళు కూడా ఉన్నారు. "లాలా కోపం" అని ఊరంతా సరదాగా చెప్పుకునేవారు. ఆ జనవరిలో వచ్చిన కోపాన్ని చూసి మాత్రం ఎవరూ నవ్వలేదు.

అసలు ఆమె చదువు మొదలైందే కోపంతో. తల్లి ఆ ఎడారి లోయలో లెట్యూస్ కోసి బతికింది, తనూ పదహారో ఏట నుంచి అదే పని చేసింది. తర్వాత పొలాలు సగానికి సగం సోలార్ పలకలతో నిండిపోయాయి. కోతలకు వెళ్ళే ఆడవాళ్ళే పలకలు కడిగే పనికి మళ్ళారు. ఎండ ఎక్కితే పలక మీద చెయ్యి పెట్టలేరు కాబట్టి తెల్లవారకముందే కడగాలి. సముద్రతీరం వైపు పట్టణాల నుంచి ఇంజనీర్లు తెల్ల ట్రక్కుల్లో వచ్చేవారు, మధ్యాహ్నానికల్లా చల్లటి హోటలు గదులకి వెళ్ళిపోయేవారు. కరెంటూ వాళ్ళ వెనకే తీరానికి పోయేది. ఒకరోజు యులాలియా ఆ ఇంజనీర్లలో ఒకడిని, ఈ ఒక్క పలకల వరసే మాటిమాటికీ ఎందుకు ఆగిపోతోందని అడిగింది. అతను తల కూడా ఎత్తకుండా, "అవన్నీ నీకెందుకమ్మా, నువ్వు నీళ్ళు పట్టు" అన్నాడు.

ఆమె నీళ్ళు పట్టింది. ఆ సాయంత్రమే వెళ్ళి కాలేజీలో చేరింది.

అప్పటికి ఆమె వయసు ముప్ఫై మూడు. భిన్నాల లెక్కల దగ్గర మొదలుపెట్టాల్సి వచ్చింది. దాన్ని రెండేళ్ళ కాలేజీ అంటారు గానీ, పని చేసుకుంటూ ఒకటీ అరా క్లాసు చదివేవాళ్ళకి అది ఆరేళ్ళ కాలేజీ. భర్త నార్సిసో కాలువ గేట్లు ఎత్తే ఉద్యోగి, మితభాషి. పిల్లలకి అన్నం పెట్టడం, ఇల్లు ఊడ్చడం అతనే నేర్చుకున్నాడు. ఆమె కారులో కూర్చుని ఒక చేత్తో బీన్స్ చుట్టిన బరిటో రొట్టె తింటూ, ఒడిలో కాల్‌క్యులస్ పుస్తకం పెట్టుకునేది. ఫెయిలైన క్లాసులున్నాయి, మళ్ళీ రాసి గట్టెక్కినవీ ఉన్నాయి. "ఈ లెక్కల మీద కూడా అరుస్తున్నావా?" అని నార్సిసో అడిగితే, "అరిస్తేనే అవి మాట వింటున్నాయి" అనేది.

కాలేజీకి, తీరాన ఉన్న విశ్వవిద్యాలయానికి మధ్య ఒక ఒప్పందం ఉంది. చెప్పిన కోర్సులన్నీ ఇక్కడ పూర్తి చేస్తే అక్కడ సోలారూ, గాలీ, భూగర్భ వేడీ గురించి చదివే ఇంజనీరింగ్ డిగ్రీలో నేరుగా మూడో ఏడులో కూర్చోవచ్చు. యులాలియాకి ఆ సీటు ఖాయమైంది. మే నెలలోపు ఒక్క కోర్సు పూర్తి చేయాలి. అది మూడో ఫిజిక్స్. వెలుగు కరెంటుగా ఎలా మారుతుందో చెప్పేది ఆ క్లాసే. అది ఏడాదికి ఒక్కసారే, జనవరిలో మొదలవుతుంది. తప్పితే సీటు పోతుంది, మరో ఏడు ఆగి మళ్ళీ మొదటి నుంచి వరసలో నిలబడాలి.

క్లాసు మొదలవడానికి మూడు రోజుల ముందు ఫోనుకి సందేశం వచ్చింది. సరిపడా విద్యార్థులు లేనందున క్లాసు రద్దు చేశారట, అసౌకర్యానికి చింతిస్తున్నారట.

కాలేజీకి వెళ్ళే దారిలో హైవే పక్కన పెద్ద హోర్డింగు ఉంటుంది. "ఇక్కడ మొదలుపెట్టండి, ఎంత దూరమైనా వెళ్ళండి" అని రాసి ఉన్న దాని మీద హెల్మెట్ పెట్టుకుని సోలార్ పలకల ముందు నవ్వుతున్నది యులాలియాయే. నిరుడు కాలేజీవాళ్ళు బతిమాలి తీసుకున్న ఫోటో అది. ఆమె తన మొహం కిందనుంచే కారు పోనిస్తూ తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి కుదరదు.

క్లాసులు ఉంచడం, తీసెయ్యడం డీన్ చేతిలో ఉంటుంది. ఆ డీన్ రూబెన్ ఒంతివెరోస్. పరాయివాడైనా బాగుండేది. ఆమె పుట్టిన వీధిలోనే పుట్టాడు, అతని తల్లి దోన్యా అంపారో చేతి తమాలె కుడుములు తిని యులాలియా పెరిగింది. మనలో మొదట కోటు వేసుకున్న పిల్లాడని వీధంతా గర్వపడింది. అతను చెడ్డవాడు కాదు, అదే ఇంకా ఒళ్ళు మండించే సంగతి. కుర్చీ వేశాడు, కాఫీ ఇప్పించాడు, కనీసం పదిహేను మంది ఉంటే గాని క్లాసు నడపకూడదనీ, ఏడుగురే పేరిచ్చారనీ బుజ్జగిస్తున్నట్టు చెప్పాడు. ఆన్‌లైన్లో మరోచోట చదువుకోమన్నాడు. ప్రయోగశాల లేని ఫిజిక్స్‌ని విశ్వవిద్యాలయం ఒప్పుకోదని ఆమె చెప్పింది. అయితే కొండ దాటి అవతలి కాలేజీకి వెళ్ళమన్నాడు. రానూపోనూ నాలుగు గంటలు, పని మానేసి వెళ్ళనా అంది.

"నేనేం చెయ్యను లాలా, ఈ లోయలో ఆ క్లాసు ఎవరికీ అక్కర్లేదు" అన్నాడు రూబెన్. "ప్రతి ఏడాదీ ఇదే కథ. మనవాళ్ళకి అంత దూరం పోయే ఓపిక ఉండదు. మా అన్సెల్మోనే చూడు, ఇంట్లో డీన్‌ని పెట్టుకుని కూడా మధ్యలో వదిలేశాడు."

అన్సెల్మో అతని తమ్ముడు. ఊళ్ళో ఏసీలు, హీటర్లు బాగుచేస్తాడు. ఏదీ చివరికంటా చెయ్యనివాడని వాడికి పేరు, ఆ పేరు పెట్టింది అన్నగారే. యులాలియా కాఫీ ముట్టుకోకుండా లేచి వచ్చేసింది.

వచ్చేదారిలో కారు టైరు పంచరైంది. ఆ రోజుకి అదొక్కటే తక్కువ. ఫిదెన్సియో టైర్ల షాపులో కూర్చుని, వినేవాళ్ళున్నారా లేదా అని చూసుకోకుండా, మూడో ఫిజిక్స్ గురించీ, మనవాళ్ళ ఓపిక గురించి డీన్ అన్న మాట గురించీ ఏకరువు పెట్టింది. ఫిదెన్సియో టైరు విప్పుతున్నవాడల్లా చెయ్యి ఆపాడు.

"నాదీ అక్కడే ఆగిపోయిందక్కా," అన్నాడు. "నాలుగేళ్ళ కిందట. మాకూ జనం చాలలేదన్నారు. వచ్చే ఏడు పెడతామన్నారు. వచ్చే ఏడు కూడా లేదు. ఈలోపు సీటు పోయింది, పిల్లోడు పుట్టాడు."

"మీరెంతమంది అప్పుడు?"

"అయిదుగురం. ఒకమ్మాయి ఖర్జూరం ప్యాకింగులో చేస్తోంది. ఒకడు జైల్లో గార్డు."

యులాలియా వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టింది. ప్రతి ఏడాదీ అయిదారుగురు రెండో ఫిజిక్స్ గట్టెక్కి ఆ తలుపు దాకా వస్తున్నారు. చాలరని ప్రతి ఏడాదీ వాళ్ళ మొహం మీద తలుపు వేస్తున్నారు. వాళ్ళు చెల్లాచెదురైపోయాక, చూశారా, ఈ లోయలో ఎవరికీ అక్కర్లేదు అంటున్నారు. తీసేసేది వాళ్ళే, అక్కర్లేదన్న పేరు మాత్రం మనకి. ఇది వింటే ఎవరికైనా కడుపు మండుతుంది, ఆమెకి మండడంలో వింతేముంది?

"సోమవారం సాయంత్రం ఆరింటికి ఆ గదిలో కూర్చోవాలి. వస్తావా?" అని అడిగింది.

"నా సీటెప్పుడో పోయింది కదక్కా, ఇప్పుడు నాకెందుకు?" అన్నాడు. కాసేపు బోల్టులు బిగించి, "సరేలే, వస్తా. ఆ క్లాసనేది నిజంగా ఉందో లేదో ఒకసారి చూడాలి" అన్నాడు.

ఆదివారం సంతకి ఊరు ఊరంతా వస్తుంది. యులాలియా చుర్రోలు వేయించే బండి పక్కన నిలబడి, పాత ఫోన్లు అమ్మేవాళ్ళ దగ్గర నుంచి పెళ్ళి గౌన్లు బేరమాడేవాళ్ళ దాకా అందరినీ ఆపి అడిగింది. ఒకరు ఇంకొకరి పేరు చెప్పారు. ఖర్జూరం ప్యాకింగు అమ్మాయి చంకలో బిడ్డతో నిలబడి, తను చదివానని అత్తగారికి తెలియదని మెల్లగా చెప్పింది. జైలు గార్డు ఎగతాళిగా నవ్వి వెళ్ళిపోయాడు, గంట తర్వాత తిరిగొచ్చి డ్యూటీ మార్చుకున్నానన్నాడు. ఆ క్లాసు చెప్పాల్సిన, కొండ అవతల ఉండే పార్ట్‌టైమ్ మాస్టారికి ఫోన్ చేస్తే, డీన్ పిలిస్తే చాలు, కారెక్కుతానని మాటిచ్చాడు. ముందే పేరిచ్చిన ఏడుగురిలో ఇద్దరు అప్పటికే వేరే క్లాసుల్లో చేరిపోయారు. ఎంత పోగేసినా పదిహేనుకి ఒకరు తగ్గారు.

ఆ ఒకరి పేరు ఫిదెన్సియోయే చెప్పాడు. తనకంటే రెండేళ్ళ ముందు ఆగిపోయిన బ్యాచ్‌లో అన్సెల్మో ఒంతివెరోస్ ఉన్నాడట. యులాలియా నమ్మలేదు. లాండ్రీ షాపు పైకప్పు మీద హీటరు విప్పుతున్నాడని తెలిసి నిచ్చెనెక్కి పోయింది. అన్సెల్మో ఆమెని చూడగానే విషయం గ్రహించినట్టు స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

నిజమేనన్నాడు. రెండోది మంచి మార్కులతో పాసయ్యాడు. మూడోదానికి ఆరుగురు పేరిచ్చారు. అన్నయ్య డీన్ అయిన మొదటి ఏడాది అది, ఒక్క పూటలో కంప్యూటరు ముందు కూర్చుని నలభై క్లాసులు తీసేశాడు. వాటిలో ఇదీ ఒకటి.

"మరి చెప్పలేదేంట్రా మీ అన్నకి?"

"చెప్తే నాకోసం ఉంచేవాడు. తమ్ముడి కోసం కాలేజీ నడుపుతున్నాడని ఊరు అనేది. అందుకే నేనే మానేశానని ఇంట్లో చెప్పా."

"ఆదివారం ఆదివారం మీ అమ్మ ముందే నిన్ను ఎత్తిపొడుస్తాడటగా, ఏదీ చివరికంటా చెయ్యవని?"

"అలవాటైపోయిందిలే అక్కా."

"నువ్వు మనిషివా, పిండి బస్తావా? ఎవరు గుద్దినా అలా పడి ఉంటావేంట్రా?" అని ఆమె కేకలు వేస్తే, కింద బట్టలు మడతపెడుతున్న ఆడవాళ్ళు తలలెత్తి చూశారు. అన్సెల్మో చేతులు పట్టుకుని, తను రాననీ, ఈ సంగతి అన్నయ్య చెవిన పడకూడదనీ బతిమాలాడు. తిట్టుకుంటూనే ఆమె ఒట్టేసింది. నోరు కట్టేసుకోవడం ఆమెకి ఆరేళ్ళ లెక్కలకన్నా కష్టమైన పని.

సోమవారం ఆరింటికి ఆ గదిలో లైట్లు లేవు. వాళ్ళే వేసుకున్నారు. టైర్ల నూనె మరకలతో ఒకరు, యూనిఫాంలో ఒకరు, బిడ్డని పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని ఒకరు. రద్దయిన గదిలో జనం ఉన్నారని ఎవరో చెప్పినట్టున్నారు, రూబెన్ వచ్చాడు. గుమ్మంలో నిలబడి వేలితో తలలు లెక్కపెట్టాడు.

"పద్నాలుగు" అన్నాడు. నిజంగానే బాధపడుతున్నట్టు అన్నాడు. "చూడు లాలా, నీ కష్టం నాకు అర్థమైంది. ఒక్కరు తగ్గినా తగ్గినట్టే. ఇవాళ ఒకరికి సడలిస్తే రేపు అందరూ అడుగుతారు. పోనీ, ఆ ఒక్కరిని తెచ్చుకోగలిగావా? నేను ముందే చెప్పాను, మనవాళ్ళకి ఓపిక ఉండదు."

యులాలియాకి చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. ఒక్క మాట చాలు, ఒక్క పేరు చెబితే ఆ కోటు, ఆ జాలి అన్నీ గాలికి పోతాయి. బల్ల అంచు పట్టుకుని, పళ్ళు బిగించి ఊరుకుంది. సీటు పోతున్నది తనది, అయినా ఒట్టు ఒట్టే.

అప్పుడే గుమ్మంలో పనిముట్ల సంచి చప్పుడైంది.

"నిన్నెవరు పిలిచారురా? ఈ గదిలో హీటరు పాడైందా?" అన్నాడు రూబెన్ వెనక్కి తిరిగి.

"హీటరు బానే ఉంది" అన్నాడు అన్సెల్మో. అన్నని తప్పుకుని లోపలికి వచ్చి, రెండో వరసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని సంచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. "క్లాసుకొచ్చా."

రూబెన్‌కి నవ్వొచ్చింది. "నువ్వా? దీనికి ముందు రెండో ఫిజిక్స్ పాసవ్వాలి నాయనా. సగంలో వదిలేసి పోయినవాడివి..."

"వదల్లేదు. రెండోది పాసయ్యా. మూడోది నువ్వు తీసేశావ్."

"ఎప్పుడు?"

"నువ్వు డీనైన ఏడాదే. ఆరుగురం ఉన్నాం. నా పేరు అందులోనే ఉంది అన్నయ్యా. నువ్వు చూడలేదు."

పక్క కుర్చీలో బిడ్డ బల్ల మీద అరచేత్తో కొడుతోంది. రూబెన్ కోటు గుండీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. ఆరేళ్ళ ఆదివారాలు, తల్లి ముందు తను వేసిన జోకులు ఒక్కొక్కటీ గుర్తొస్తున్నట్టు అతని మొహం మాడిపోయింది.

"నాతో ఒక్క మాట చెప్పుంటే..." అని మొదలుపెట్టాడు.

జాలిపడదామని ఎవరికైనా అనిపించి ఉండొచ్చు. యులాలియాకి అనిపించలేదు. ఫిదెన్సియో నాలుగేళ్ళు, అన్సెల్మో ఆరేళ్ళు, పేరు కూడా తెలియకుండా పోయిన మిగతావాళ్ళ ఏళ్ళు, అన్నీ ఆమె గొంతులోకి వచ్చాయి. అయినా గొంతు పెంచలేదు.

"ఆ మాటలు ఆదివారం మీ అమ్మ వంటింట్లో మాట్లాడుకోండి రూబెన్" అంది. "ఇక్కడ పదిహేను మందిమి ఉన్నాం. ఆరు దాటింది. మాస్టారికి ఫోన్ చెయ్యి."