పెత్రమాస తర్వాతే మందు

మొన్న మా వీధిలోకి మున్సిపాలిటీ వాళ్ళు దోమల పొగ యంత్రంతో వచ్చి, ఏదో కొత్త పథకం పేరున్న బ్యానర్ పట్టుకొని ఫొటో దిగి, నాలుగిళ్ళు కూడా దాటకుండానే బండెక్కి పోయారు. దోమలు ఎక్కడ ఎక్కువని గడపలో కూర్చున్న నన్ను ఒక్కరూ అడగలేదు. తొంభైకి దగ్గరపడ్డ మనిషికి అంత కోపం మంచిది కాదని మా కోడలు మందలించింది గానీ, ఆ కోపం నిన్నమొన్నటిది కాదు. నాలాగే చలిజ్వరంతో గొంగడి కప్పుకొని వణికిన నా ఈడువాళ్ళకు అది ఎక్కడిదో చెబితే అర్థమవుతుంది.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో, ఆదిలాబాద్ జిల్లా పల్లెల్లో ఇళ్ళ గోడలకు డీడీటీ కొట్టే జట్టుకు నేను మేస్త్రీని. ఉద్యోగం టెంపరరీయే అయినా, సర్కారు సైకిలు నడిపిస్తూ నేను ముందు, పంపులు మోస్తూ నలుగురు వెనక నడుస్తుంటే నేనే కలెక్టరునన్నంత ధీమాగా ఉండేది. దోమల సంగతి ఎవరికీ పట్టేది కాదు, మంచాల్లో నల్లులు చస్తున్నాయని మాత్రం జనం పిలిచి మరీ కొట్టించుకునేవారు. మందు కొట్టాక గోడ మీద తేదీ రాసేవాళ్ళం. ఆ మందు రెండు మూడు నెలలు గోడకు అంటుకొని ఉండాలి, దాని మీద వాలిన దోమ చావాలి, సర్కారు వేసిన లెక్క అంతే.

ఆ లెక్క వేసినవాళ్ళకు మా ఆడవాళ్ళ పండుగలు తెలియవు. పైనుంచి వచ్చిన ప్రోగ్రాం ప్రకారం భాద్రపదంలో మేము మందు కొట్టి పోతే, పదిరోజులకే పెత్రమాస వచ్చేది. బతుకమ్మ మొదలయ్యే ఆ అమావాస్యకు ముందు, మా దిక్కు ఏ ఇల్లాలైనా ఇల్లు లోపలా బయటా ఎర్రమట్టితో పూయకుండా ఉంటుందా? కొట్టిన మందంతా మట్టి కిందకు పోయేది. మా అక్క కూడా అందరిలాగే పూసింది. ఆమె ఇంట్లో మందు కొట్టిందీ నేనే, తేదీ రాసిందీ నేనే, గోడ ముట్టొద్దని ఒక్క మాట చెప్పకుండా వచ్చిందీ నేనే. దీపావళి దాటిన వారానికి అక్క మూడేళ్ళ బిడ్డ చలిజ్వరంతో పోయింది. ఆ పిల్లను సైకిలు మీద కూర్చోబెట్టుకొని ఊరంతా తిప్పినవాణ్ణి, ఇప్పటికీ ఆ ముఖం గుర్తొస్తే నాకు అన్నం సయించదు.

పై అధికారి విచారణకు వచ్చి, ఆడవాళ్ళ మూఢత్వం వల్లే మందు పనిచేయలేదని కాగితం రాసి నన్ను సంతకం పెట్టమన్నాడు. నేను పెట్టలేదు. పండక్కి ఇల్లు పూసుకోవడం మూఢత్వం కాదని, పండుగ ఎప్పుడో కనుక్కోకుండా తేదీలు వేయడమే తప్పని ఆయన ముఖం మీదే అన్నాను. వచ్చే ఏడు పెత్రమాస తర్వాత మందు కొడదామని అర్జీ కూడా పెట్టాను. దానికి జవాబు రాలేదు, మళ్ళీ పాత తేదీలే వచ్చాయి.

అప్పుడిక నేనూ మొండికేశాను. అక్క ఊరితో కలిపి నా కింద ఉన్న నాలుగు ఊళ్ళకూ ముందే పోయి, మీ పూతలు కానియ్యండి, మేము తర్వాతే వస్తాం, మేమొచ్చి పోయాక చలికాలం దాటేదాకా గోడ ముట్టొద్దని ఇంటింటా చెప్పి, అన్ని రోజులూ పంపులు మూలకు పెట్టించాను. పని ఆపినందుకు మెమో వచ్చింది. దాన్ని జేబులో పెట్టుకొనే, పెత్రమాస మరునాడు మొదటి పంపు అక్క ఇంట్లో పట్టాను. కొత్త ఎర్రమట్టి మీద తెల్లటి చారికలు పడేసరికి, పండుగపూట ఇంటి అందమంతా పోయిందని అక్క అత్తగారు తిట్టడం మొదలుపెట్టింది. అక్క చంకలో ఏడాది కొడుకు ఉన్నాడు.

“గోడ ఎట్లున్నా మంచిదే అత్తా. గీ పిలగాడు దక్కితే నాకు గదే పండుగ,” అంది.

నాలుగు ఊళ్ళూ పూర్తయిన నాడే నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ చలికాలం అక్క ఇంట్లో ఎవరికీ జ్వరం రాలేదు, మేనల్లుడు దక్కాడు. ఉద్యోగం పోయినందుకు నేను ఆనాడూ ఏడవలేదు, ఈనాడూ ఏడవను. రెండేళ్ళ తర్వాత, నేను కాగజ్‌నగర్‌లో కిరాణా కొట్టులో పొట్లాలు కట్టుకుంటుంటే, పండుగ పూతలయ్యాకే మందు కొట్టాలని ఆఫీసు కొత్త పద్ధతి కనిపెట్టినట్టు అచ్చయిన కాగితం పాత జట్టువాడొకడు తెచ్చి చూపించాడు. నా పేరు లేదని వాడే బాధపడ్డాడు.

ఇప్పుడు మా ఊళ్ళలో మట్టిగోడలు లేవు, ఎర్రమట్టి పూతలు లేవు, అక్క కూడా లేదు. పథకాలకు మాత్రం ఏటా కొత్త పేర్లు వస్తున్నాయి. నాకు ఏ పేరూ అక్కర్లేదు. మీరు గోడలు ఎప్పుడు పూసుకుంటారమ్మా అని ఆ మొదటి ఏడే అక్కను ఎవరైనా అడిగి ఉంటే, ఆ పిల్లకు ఇవాళ మనవలు ఉండేవాళ్ళు. అడగనివాళ్ళలో నేనూ ఒకణ్ణి.