గురువారానికి అరవై రెండు మైళ్లు

ఆర్డిస్ కోల్‌బెక్ ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. అయోవాలోని ఆ చిన్న ఊళ్లో నలభై దాటినవాళ్లలో సగం మంది ఆవిడ తిట్లు తిని పెరిగినవాళ్లే. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేకపోయింది. కదల్లేని ముసలివాళ్లకు చర్చివాళ్లు వేడి భోజనం పంపుతుంటే, ప్రతి గురువారం తన పికప్ ట్రక్కులో చేరవేసే పని నెత్తినేసుకుంది.

ఇలా ధర్మానికి తిరిగిన దూరానికి మైలుకు పద్నాలుగు సెంట్ల చొప్పున ఆదాయంలోంచి మినహాయించి పన్ను కట్టుకోవచ్చని ఆ మార్చిలో ఎవరో ఆవిడ చెవిన వేశారు. బస్సు నడిపిన అలవాటు కొద్దీ ప్రతి మైలూ రాసిన పుస్తకం ఎలాగూ ఉంది. దాన్ని చంకలో పెట్టుకుని లైబ్రరీకి వెళ్లింది. అక్కడ ఊరివాళ్ల పన్ను కాగితాలు ఉచితంగా నింపిపెట్టేవాడు డేరిల్ వెన్స్కీ.

"ఏరా డేరిల్, ఇప్పటికి కుదురుగా కూర్చోవడం వచ్చిందన్నమాట!"

నలభై ఎనిమిదేళ్ల డేరిల్ చెవులు ఎర్రబడ్డాయి. "కూర్చోండి ఆర్డిస్ గారూ. ఏదీ, పుస్తకం ఇలా ఇవ్వండి."

నాలుగు పేజీలు తిప్పాక అతను కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "గురువారానికి అరవై రెండు మైళ్లు రాశారు. చర్చి జాబితాలో ఇళ్లన్నీ తిరిగొచ్చినా నలభై దాటవే?"

"చుట్టుదారిరా."

"యాభై వారాలూ చుట్టేనా?"

"ఇర్మా ఇంటికి" అంది ఆర్డిస్, దగ్గులో కలిపేసి.

డేరిల్ కలం కింద పెట్టేశాడు. ఆర్డిస్‌కీ ఆవిడ అక్క ఇర్మాకీ ఆరేళ్లుగా మాటల్లేవని ఊరందరికీ తెలుసు. జిల్లా సంతలో ఊరగాయల పోటీకి ఇర్మా న్యాయనిర్ణేతగా కూర్చుని, సొంత చెల్లెలి దోసకాయ ఊరగాయకు రెండో బహుమతి ఇచ్చింది. అంతే, ఆ రోజు నుంచీ ఇద్దరూ చర్చిలో కూడా చెరో చివర కూర్చుంటున్నారు. పోయిన ఏడాది ఇర్మా తుంటి ఎముక విరిగింది. భోజనం పంపుతామని చర్చివాళ్లు అడిగితే, "నేనేం దిక్కులేనిదాన్ని కాదు" అని తలుపేసుకుంది.

"అందుకని నేనే వండి గుమ్మంలో పెట్టొస్తున్నా. ఎవరు పెడుతున్నారో దానికి తెలీదు. తెలిస్తే కుక్కకి పడేస్తుంది."

"సొంత అక్కకి తిండి పెట్టడం చట్టం దృష్టిలో సేవ కాదండీ. చుట్టరికం. ఇంటి పనులకీ సరదా ప్రయాణాలకీ మినహాయింపు లేదు."

"సరదానా? మంచులో ఆ మెట్లెక్కి, డబ్బా పెట్టి, బెల్లు కొట్టి, ఈ మోకాళ్లతో పరుగెత్తుకొచ్చి ట్రక్కులో పడటం సరదాట్రా నీకు?"

పక్క బల్లవాళ్లు తలలు తిప్పారు. డేరిల్ నవ్వును దాచుకోవడానికి బల్ల కిందికి వంగి, లేని కాగితం ఒకటి వెతికాడు. తర్వాత పదకొండు వందల మైళ్లు కొట్టేసి, మిగిలిన రెండు వేల మైళ్లకు రెండు వందల ఎనభై డాలర్లని తేల్చాడు.

"కానీ ఇదీ పనికిరాదండీ. ఏ రసీదూ అడక్కుండా ప్రభుత్వం అందరికీ ఇచ్చే మినహాయింపు ఒకటుంది. మీ ఖర్చులన్నీ కలిపినా దాంట్లో సగం రావు. రెండిట్లో ఒకటే తీసుకోవాలి. ఈ పుస్తకం వల్ల మీకొచ్చేది సున్నా."

"మరి అరగంట నుంచీ నా ప్రాణం ఎందుకు తీశావురా?"

"చదువుతుంటే ఆపబుద్ధి కాలేదండీ."

ఆర్డిస్ విసురుగా బయటికొచ్చి ట్రక్కెక్కింది. డబ్బు పోయినందుకు కాదు ఆవిడ మంట. ఏడాదంతా తను చేసింది సేవ అనుకుని నిబ్బరంగా ఉంది. చుట్టరికమని ఎవరూ అనలేదు. చుట్టరికమే అయితే గుమ్మంలో డబ్బా పెట్టి దొంగలా పారిపోవడమేమిటి? మలుపు దగ్గర స్టీరింగు ఇంటివైపు కాకుండా ఇర్మా పొలం వైపు తిప్పింది.

బెల్లు కొట్టి ఈసారి అక్కడే నిలబడింది. లోపల కర్ర చప్పుడు చాలాసేపు వినిపించింది. తలుపు తెరుచుకుంది.

"ఇవాళ మంగళవారం కదే?" అంది ఇర్మా.

"నీకు తెలుసా?" అంది ఆర్డిస్.

"ఆ ట్రక్కు మోత పక్క జిల్లాకి వినిపిస్తుంది. ఏడాది నుంచీ కిటికీలోంచి చూస్తున్నా. పడిపోతావేమోనని గుండె చేత్తో పట్టుకుంటున్నా, ముసలి మేకలాగా ఆ పరుగేమిటే నీకు?"

"మరి పిలవలేదేం?"

"పిలిస్తే మానేస్తావుగా. ఆ పంది మాంసం, చిక్కుడుగింజల కూర నాకిష్టం."

ఆర్డిస్ కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. ఇద్దరూ కాఫీ పెట్టుకుని చీకటి పడేదాకా ఊరందరినీ కడిగేశారు. ఊరగాయ ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఆ గురువారం ట్రక్కు ముందు సీట్లో ఇర్మా కూడా ఉంది, మోకాళ్ల మధ్య చేతికర్రతో. ప్రతి మలుపు దగ్గరా "మెల్లిగా, మెల్లిగా" అంటూ, ప్రతి ఇంటి దగ్గరా దిగి లోపలికెళ్లి బాతాఖానీ వేసింది. చివరి ఇంటికి కూర చల్లారిపోయి చేరింది.