గుమ్మం బయట చెప్పులు

అమెరికాలోని ప్లేనోలో మా ఇంట్లో జరిగే శుక్రవారం ప్రార్థనకు పక్కింటి చైనా మామ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చేది. మామ్మకు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా ప్రతి పాటకూ పెదవులు కదిపేది, గొంతు మాత్రం బయటికి రానిచ్చేది కాదు.

రాగానే ఆవిడ చేసే పని ఒకటుంది. మేం గుమ్మం బయట విడిచిన చెప్పులన్నీ జత తర్వాత జత లోపలికి మోసి, సోఫా వెనక పెట్టేది.

"మా ఊళ్లో చర్చికి పర్మిషన్ లేదు, మా ఇంట్లోనే ప్రేయర్ చేసేవాళ్లం. కమ్యూనిస్టు పార్టీవాళ్లు బయట చెప్పులు లెక్కపెట్టి రిపోర్ట్ చేసేవాళ్లు," అంది కూతురు ఇంగ్లీషులో.

"ఇది అమెరికా మామ్మా, ఇక్కడ ఎవరూ పట్టించుకోరు," అని స్వేచ్ఛ గురించి నేనొక ప్రసంగం చేసి, ఆ వారం చెప్పులు ముట్టుకోనివ్వలేదు.

మరుసటి శుక్రవారానికల్లా కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. మా గుమ్మం ముందు ఇరవై మూడు జతల చెప్పులున్నాయని ఎవరో ఫిర్యాదు చేశారట, ఇకమీదట ఉండకూడదట. నవ్వుతూ చదివి వినిపించాను. కూతురు చైనీస్‌లో చెబుతుంటే మామ్మ నవ్వకుండా వింది.

"ఎవరు లెక్కపెట్టారని అడుగుతోంది," అంది కూతురు.

"పేరు రాయలేదు."

"అక్కడా రాసేవాళ్లు కాదట."

మామ్మ అప్పటికే బయటికి వెళ్లింది. ముందుగా నా చెప్పులే తెచ్చింది.