సుచరిత టీచర్ పెట్టని సంతకం

అండమాన్‌లోని మా డిగ్లీపూర్ స్కూల్లో కెమిస్ట్రీ చెప్పే సుచరిత టీచర్ మొండిదని అందరూ అంటారు. పక్క గదిలో ఫిజిక్స్ చెప్పే నేనూ అన్నాను. ఆక్సీకరణ స్థితుల పట్టిక బట్టీ పట్టించెయ్యండి, పరీక్షకి అది చాలు అంటే వినదు. ఆక్సిజన్‌ది మామూలుగా మైనస్ రెండు, హైడ్రోజన్‌ది ప్లస్ ఒకటి, సమ్మేళనం మొత్తం కలిపితే సున్నా, మిగిలినదాన్ని మీరే తేల్చండి అంటుంది. తేల్చాక కూడా వదలదు. ఎదురుగా ఉన్న పదార్థాన్ని కళ్లు తెరిచి చూడమంటుంది.

మొన్న ప్రాక్టికల్ పరీక్షకి పోర్ట్ బ్లెయిర్ నుంచి గిరిధర్ గారు ఎగ్జామినర్‌గా వచ్చారు. సాయానికి నేనూ ల్యాబ్‌లోనే ఉన్నాను. వైవాలో ఫెర్రస్ సల్ఫేట్ సీసా చూపించి, ఇందులో ఇనుము స్థితి ఎంతని చిన్నిని అడిగారు. పోయినేడు కెమిస్ట్రీ తప్పిన పిల్ల. ఈసారీ తప్పితే నర్సింగ్ సీటు మీద ఆశ వదులుకోవాల్సిందే.

"సల్ఫేట్‌ది మైనస్ టూ, కాబట్టి ఇనుముది ప్లస్ టూ రావాల సార్. కానీ ఇది గోధుమరంగైపోనాది. పైనంతా ప్లస్ త్రీ అయిపోయుంటాది," అంది చిన్ని.

మా ద్వీపంలో తేమకి ఆ లేతాకుపచ్చ పలుకులు ఏటా అలాగే మారతాయి. ఇనుము ఇంకో ఎలక్ట్రాన్‌ని వదులుకుంటుంది. గిరిధర్ గారు మాత్రం వైవాకి సున్నా వేశారు.

సుచరిత టీచర్ ఆ గోధుమరంగు పెచ్చుని నీళ్లలో కరిగించి, రెండు చుక్కలు థయోసయనేట్ వేసింది. ప్లస్ త్రీ ఇనుముంటే ఎర్రబడాలి. నెత్తురులా ఎర్రబడింది.

"మేడమ్, లేబుల్ మీద ఉన్నదే జవాబు. నాకు బస్సు టైమవుతోంది," అన్నారాయన. "బేటా, ప్లస్ టూ అనెయ్, మార్కులు వేసేస్తాను. అంతే, ఖతమ్."

అనెయ్యవే పిల్లా అని నాకు అరవాలనిపించింది. చిన్ని టీచర్ వైపు చూసింది.

"నీ ఇష్టం చిన్నీ. నేనేం చెప్పను," అంది టీచర్.

చిన్ని ఆ ఎర్రటి ట్యూబునే చూస్తూ, "అనను సార్," అంది.

సున్నా అలాగే ఉండిపోయింది. మార్కుల కాగితం మీద స్కూలు టీచర్ సంతకం కూడా ఉండాలి. సుచరిత టీచర్ పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"ఈ మార్కులకి నేను సంతకం పెట్టను సార్."

"మీకు మెమో వస్తుంది."

"రానివ్వండి."

ఆయన కాగితాన్ని నా వైపు జరిపారు. "భాయ్ సాబ్, మీరైనా పెట్టండి."

నేను దాన్ని ఆయన వైపే తోసేశాను.

"ఈ బస్సు పోతే మీకు రేపు ఇంకోటుంది సార్. ఈ పిల్లకి ఇంకో ఏడాది లేదు. కూర్చోండి."