పలక మీద ఆమె గీసిన గీత

మా చిన్న చెల్లెలు పోయిందన్న కబురు వచ్చేసరికి నేను ఆమె కోసమే మోకాళ్ల మీద ఉన్నాను. బాగా తెల్లారింది. మార్కాపురం ఆస్పత్రి నుంచి మా మరిది, ఆమె భర్త, ఫోను చేశాడు. "వదినా, ఇంక దాని కోసం ప్రార్థన చేయబాక. అయిపోయింది" అన్నాడు. ఫోను పక్కన పెట్టాను. మొదలుపెట్టిన ప్రార్థనను మధ్యలో వదిలి లేవడం నాకు చేతకాదు. ఆమె పేరు తీసి, ఆమె పిల్లలిద్దరి పేర్లు పెట్టి ముగించాను. లేచి వాళ్లకు పాలు కాచాను.

ఆమెను మీరెవరూ ఎరగరు. మాది తర్లుపాడు దగ్గర చిన్న ఊరు. ఆమె మార్కాపురంలో పలకల షెడ్డుకు పనికి పోయేది. రాయి కోయడం, రుద్దడం వేరేవాళ్లు చేస్తారు. చట్రం బిగించిన పలకను వెలుతురుకు పట్టి, అరచేత్తో తడిమి, గీత ఉన్నదాన్ని పక్కన పెట్టడం ఆమె పని. పెళ్లికి ముందు నుంచీ అదే పని. గీత పడిన పలకను కొనేవాడు తీసుకోడు. ఆ మాట ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో. "సరుకు పోయిందక్కా" అనేది, ఎవరో పోయినంత బాధగా.

మా ఇంట్లో నేను మొదటిదాన్ని, ఆమె చివరిది. అమ్మ కూలికి పోతే ఆమె నా చంకలో పెరిగింది. పెళ్లయ్యాక కూడా మా గోడకు ఆనుకునే ఇల్లు వేసుకుంది. చాలా ఏండ్లకు గాని పిల్లలు పుట్టలేదు. పుట్టిన తర్వాత ఆమెకొక అలవాటు వచ్చింది. షెడ్డు నుంచి రాగానే పిల్లలు ఎదురు పరుగెత్తితే చేతులు వెనక్కు పెట్టుకుని, కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, అప్పుడు ఎత్తుకునేది. ఏడుస్తూ ఇంటికి వచ్చిన రోజున కూడా అంతే. "ముందు చేతులు కడుక్కోవాల. తర్వాతనే కళ్లు తుడుచుకోవాల. లేకపోతే రాతిదుమ్ము కండ్లల్లో పడి, ఏడ్చిందానికి రెండింతలు ఏడవాల" అనేది.

నా ప్రార్థనల మీద ఆమెకు నవ్వులాట. అన్నం ముందర నేను కళ్లు మూసుకుంటే, "అక్కా, నీ ఆమెన్ వచ్చే లోపల పప్పు మీద తొరక కడతాది" అనేది. నేను ప్రార్థన కొంచెం కురచ చేసేదాన్ని.

సెలవుల్లో పిల్లలను షెడ్డుకు తీసుకుపోక తప్పేది కాదు. కోసిన రాయి అంచు బ్లేడులాగా ఉంటుంది. అందుకని వాళ్లకు నడక వచ్చినప్పటి నుంచీ ఒకటే నేర్పింది, లోపలికి అడుగు పెడితే చేతులు కట్టుకోవాలని. ఇద్దరూ గుళ్లో ప్రార్థనకు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని, పలకల దొంతరల మధ్య మెల్లగా నడిచేవాళ్లు. చూసినవాళ్లు ఎంత బుద్ధిమంతులో అని మెచ్చుకునేవాళ్లు.

రెండేండ్ల కింద ఆమెకు మూత్రపిండాలు చెడిపోయాయి. మా వైపు ఇది కొత్త జబ్బు కాదు, నీళ్లే కారణమంటారు. డయాలసిస్‌కు మార్కాపురం పోయి వచ్చేది. పెద్ద డాక్టరుకు చూపించడానికి గుంటూరు పోవాలి. మా మరిది లారీ డ్రైవరు, ఎప్పుడు ఏ రోడ్డు మీద ఉంటాడో చెప్పలేం. కాబట్టి తోడు నేనే. ఆమె బాధ జబ్బు గురించి కాదు. కూతురు రెండో తరగతి, దానికి కాస్త తెలివి వచ్చింది. పిల్లాడే తల్లి కొంగు వదలడు. నేను ఎత్తుకోబోతే ఒళ్లు బిగబట్టేవాడు. నా చేతి ముద్ద తినడు. ఆమె ఆస్పత్రికి పోయిన రోజుల్లో సాయంత్రం దాకా గడప మీద కూర్చునేవాడు.

"నేను పోతే వీడు నీ దగ్గరికి రావాలక్కా. వాళ్ల నాయన లారీ మీద పోతాడు. నీ దగ్గరికి రాకపోతే ఎట్ల?" అని ఒకసారి అడిగింది. ఏదో కూరకు ఉప్పు చాలిందా అని అడిగినట్టు అడిగింది. "దేవుడు చూసుకుంటాడు" అన్నాను. "దేవుడు చూస్తాడులే. ముక్కు తుడవాల్సింది నువ్వు గదా" అంది.

చివరిసారి గుంటూరు పోయినప్పుడు పిల్లలను కూడా తీసుకుపోదామంది. నేను వద్దన్నాను. ఆమె వినలేదు. "అక్కడ పిల్లల మ్యూజియం పెట్టినారంట. అన్నీ చేతులతో పట్టుకుని చూడొచ్చంట. రక్తం రిపోర్టులు సాయంత్రానికి గాని ఇయ్యరు. అందాక ఆ బెంచీల మీద కూర్చుని ఏం జేస్తాం? రేపు ఎప్పుడన్నా గుంటూరంటే వీళ్లకు ఆస్పత్రే గుర్తుకు రాగూడదు" అంది. తెల్లారి రైలెక్కాం. దొనకొండ దాటేదాకా పిల్లాడు తల్లి ఒళ్లోనే. సూదులు గుచ్చిన చేతిని వాడు నొక్కకుండా ఆమె పైకెత్తి పెట్టుకుని కూర్చుంది.

మ్యూజియం వాకిట్లో పిల్లలిద్దరూ చెప్పులు విడిచారు. ఎవరూ చెప్పలేదు. లోపల అడుగు పెట్టగానే చేతులు కట్టుకున్నారు. చుట్టూ ఆ ఊరి పిల్లలు నీళ్ల తొట్లలో చేతులు ముంచుతున్నారు, గిలకకు కట్టిన బకెట్లు లాగుతున్నారు, ఇసుక జల్లుతున్నారు. మావాళ్లు మాత్రం ఒక్కొక్కదాని ముందు నిలబడి, వంగి చూసి, పక్కదానికి పోతున్నారు. అక్కడ పనిచేసే అమ్మాయి దగ్గరికి వచ్చింది.

"పట్టుకోండి నాన్నా, భయం లేదు. ఇక్కడ పట్టుకోకపోతేనే తప్పు" అంది.

పిల్లాడు తల్లి ముఖం వంక చూశాడు. ఆమె తలూపింది. వాడు చేతులు విప్పలేదు.

ఆ పక్కన గోడకు వరసగా పలకలు బిగించి, కింద సుద్దముక్కలు పెట్టారు. పిల్లలు ఇష్టం వచ్చినట్టు గీయడానికి. మా పలకలే అయి ఉండొచ్చు, ఆ నలుపు నాకు తెలుసు. అది చూడగానే పిల్లాడి చేతులు విడిపోయాయి. మేము సంతోషించాం. వాడు పరుగెత్తుకుంటూ పోయి, చొక్కా అంచు పట్టుకుని పలకలు తుడవడం మొదలుపెట్టాడు. ఎవరో గీసిన ఇల్లు పోయింది. సూర్యుడు పోయాడు. ఉమ్మితో తడి చేసి మూలలు కూడా రుద్దుతున్నాడు. ఒక చిన్నపాప ఏడుపు అందుకుంది. వాళ్లమ్మ మా వైపు తిరిగింది.

"ఏంటండీ మీ బాబు? మా పాప వేసిందంతా తుడిచేశాడు."

"ఏమనుకోబాకమ్మా" అంది మా చెల్లెలు. "గీత కనపడితే వాడు ఓర్చుకోలేడు. నేనే అట్ల పెంచినా." తర్వాత నావైపు తిరిగి, "చూసినావా అక్కా, మా మేస్త్రీ ఈ పని చూస్తే రేపటి నుంచే రమ్మంటాడు" అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తిప్పుకుంది.

పిల్లాడి అక్క సిగ్గుపడి వాణ్ణి లాగింది. "ఒరే, ఇవి అమ్మేటివి కాదురా."

"గీతలు పడ్డాయి. సరుకు పోతాది" అన్నాడు వాడు.

అప్పుడు మా చెల్లెలు ముందుకు పోయి ఒక సుద్దముక్క తీసుకుంది. వాడు శుభ్రం చేసిన పలక మీద, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, నొక్కి ఒక గీత గీసింది. పిల్లాడు నోరు తెరిచాడు.

"అమ్మా, సరుకు పోయింది."

"పోనీలే."

ఆ సుద్ద వాడి చేతిలో పెట్టింది. నాతో మెల్లగా అంది, "ఎన్ని పలకలు నా చేతిమీదగా పోయినాయో అక్కా, ఒక్కదాని మీద గూడా గీసింది లేదు. గీస్తుంటే జారుగా, బలే ఉంది." వాడు కాసేపు ఆలోచించి, ఆమె గీతకు ఆనించి ఒక చిన్న గీత గీశాడు. మళ్లీ ఆమె వంక చూశాడు. ఇంకొకటి గీశాడు. ఆ తర్వాత వాణ్ణి అక్కడి నుంచి కదిలించడం మా వల్ల కాలేదు.

చివరి గదిలో ఒక గుహ లాంటిది కట్టారు. పిల్లలు పాకితే పట్టేంత. లోపల చీకటి. గోడలకు ఒకచోట గోనెపట్ట, ఒకచోట దూది, ఒకచోట గులకరాళ్లు అంటించారట. తడుముకుంటూ ఈ వైపు దూరి ఆ వైపు బయటికి రావాలి. పిల్లాడి అక్క ముందు దూరింది. పిల్లాడు నిలబడిపోయాడు.

"అమ్మ ఆ పక్క ఉంటదా?" అని అడిగాడు.

"పెద్దమ్మ ఉంటది. నేను ఈ పక్కనే ఉంటా" అంది మా చెల్లెలు.

"నువ్వు ఆ పక్క ఉంటేనే పోతా."

ఆమె వాడి ముందు కింద కూర్చుంది. అలా కూర్చోవడానికే ఆమెకు ఆయాసం వచ్చింది. నాకు జాలేసింది. "ఉంటానని చెప్పరాదా, దూరినంక నువ్వే ఆ పక్కకు వద్దువు" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు అబద్ధం చెప్తే రేపు నీ మాట గూడా నమ్మడు అక్కా. నువ్వు పోయి ఆ పక్క నిలబడు."

పోయి నిలబడ్డాను. ఆమె వాడికి ఏం చెప్పిందో నాకు వినపడలేదు. కాసేపటికి లోపల గోనెపట్ట మీద చిన్న అరచేయి రాసుకుంటూ వస్తున్న చప్పుడు వినిపించింది. మధ్యలో ఆగింది. ఏడుపు. మళ్లీ కదిలింది. నేను వంగి, "రా నాయనా, ఇక్కడున్నా" అంటూనే ఉన్నాను. మనసులో దేవుణ్ణి అడుగుతున్నాను, నా దగ్గరికి రానీ తండ్రీ, ఒక్కసారి రానీ, నా చెల్లెలి కళ్ల ముందర రానీ అని.

వాడు బయటికి వచ్చాడు. జుట్టంతా దూది. నా చేతులు చూశాడు. నా వెనక చూశాడు. తల్లి లేదని తెలుసుకుని, నా చేతుల కింద నుంచి దూరి, గుహ చుట్టూ తిరిగి ఆమె దగ్గరికి పరుగెత్తాడు.

ఆమె వాడి జుట్టులో దూది ఏరుతూ, వెనకే వచ్చిన నా ముఖం చూసి అంది, "ఏం గాదక్కా. వచ్చినాడు గదా. అంత చీకట్లో నుంచి వచ్చినాడు. ఇయ్యాళ్టికి ఇది చాల్లే."

ఆ సాయంత్రం రిపోర్టులు చేతికి వచ్చాయి. అందులో ఏముందో మాకు ముందే తెలుసు. తిరుగు రైల్లో ముగ్గురూ ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోయారు. ఆ రోజు గురించి ఆమె మళ్లీ మాట్లాడలేదు. కొన్నాళ్ల తర్వాత మా వీధిలో ఎవరో పిల్లాడి అక్కను ఆపి, గుంటూరు ఎందుకు పోయినారే అని అడిగితే, "అక్కడ పలకల మీద గీయనిస్తారు" అని చెప్పింది. ఆ మాట నేను మా చెల్లెలికి చేరవేశాను. మంచం మీద అటు తిరిగి పడుకుని, "అయితే డబ్బుల్దండగ గాలేదు" అంది.

ఆమెను మా సంఘం సమాధుల తోటలో పెట్టాం. పాస్టరు అయ్యగారు చదివిన వాక్యం నాకు గుర్తు లేదు. పెట్టెలో ఆమె చేతులు గుండె మీద ఉన్నాయి. గోళ్ల చుట్టూ నలుపు ఎంత కడిగినా పోలేదు. అది ఎన్నేండ్ల దుమ్మో, నేను తుడవడం ఆపేశాను. షెడ్డు నుంచి వచ్చిన ఆడవాళ్లు మట్టి వేసి, అలవాటుగా అరచేతులతో సమం చేశారు. పిల్లాడు నాన్న భుజం మీద నిద్రపోతున్నాడు. అదే మేలు అనుకున్నాను.

తర్వాత వాడు ఏడవలేదు. అదే నాకు భయం వేసింది. నేను పెట్టిన కంచం ముందు కూర్చుని తనే కలుపుకుని తినేవాడు. నేను స్నానానికి పిలిస్తే అక్క చేత పోయించుకునేవాడు. వాళ్ల నాయన ఉన్నన్నాళ్లు ఆయన పక్కన పడుకున్నాడు. ఆయన లారీ ఎక్కిన రోజు నుంచి గోడ వైపు తిరిగి ఒక్కడే పడుకున్నాడు. పిలవడం మానేశాను. పిల్లలను పిలిచి రప్పించుకోలేం. ఆమె ఎంత ఓపిగ్గా ఉందో నేనూ అంత ఓపిగ్గా ఉండేలా చేయమని మాత్రం అడిగాను. కురచగానే అడిగాను.

మొన్న మధ్యాహ్నం వాకిట్లో కందులు చెరుగుతున్నాను. వీధిలో ఆడుకుంటున్న పిల్లాడు ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చాడు. మా వైపు బీడంతా తుమ్మముళ్లే. వాడు ముందు వాళ్లింట్లోకి పోయాడు. లోపల ఒక తలుపు తీసిన చప్పుడు, తర్వాత ఇంకొక తలుపు. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత బయటికి వచ్చి, నా ఎదుట కూర్చుని, మడమ తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. ముఖం మాత్రం వీధి వైపు తిప్పుకున్నాడు.

చేట పక్కన పెట్టాను. కొంగు పిన్ను తీసి, తడి చేసి, మెల్లగా ముల్లు తీశాను. వాడు పెదవి కరుచుకున్నాడు. ముల్లును నా అరచేతిలో పెట్టి చూపించాను. ఒకసారి చూసి మళ్లీ వీధి వైపు తిరిగాడు. కాలు మాత్రం నా ఒళ్లో నుంచి తీసుకోలేదు.