కస్తూరమ్మ లవంగాలు

ఆ ఉదయం ఆరోగ్యమేరి నాలుక తిమ్మిరెక్కింది. ఎన్ని పుస్తకాలయ్యాయని సూపర్‌వైజరు కోదండరాం అడిగితే ఆమె నోట్లోంచి అంకె రాలేదు, గాలి వచ్చింది. పక్షవాతమేమోనని ఆయన ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి చేతులెత్తమన్నాడు, నవ్వమన్నాడు. చేతులు లేచాయి. నవ్వు రాలేదు. అది నాలుగు నెలలుగా రావడం లేదని తెలియదు గనుక ఆయన ఆటో పిలిపించాడు.

ఈలోగా ఇంటావిడ కస్తూరమ్మ గోడ పట్టుకుని వచ్చి, మేరి వేలు వాసన చూసింది.

"ఏం లేదుమే, లవంగం. ఎంగిలితో తడి చేసి పేజీలు తిప్పినావా?"

తిప్పింది. మద్రాసు జార్జి టౌన్‌లోని బైండింగు షాపులో ఇరవై రెండేళ్ళు అలా తిప్పిన వేలది. ఎంగిలి పనికిరాదని మొదటిరోజే చెప్పారు గానీ వేలు వినలేదు. ఆటో ఖాళీగా వెళ్ళిపోయింది.

కోడంబాక్కంలోని ఆ ఇంటినిండా పేరుమోసిన ఒక నవలా రచయిత చదువుకున్న పుస్తకాలే. కస్తూరమ్మ భర్త ఆయన, పోయి రెండేళ్ళు. పుస్తకాలన్నిటినీ పేజీ పేజీనా ఫొటో తీసి కంప్యూటరుకెక్కించాక, ఒక విశ్వవిద్యాలయం వాటిని తీసుకెళ్ళి భద్రం చేస్తుంది. కెమెరా కింద పేజీ తిప్పడం, కాలితో ఫొటో మీట నొక్కడం మేరి పని. బైండింగు షాపు మూతపడ్డాక దొరికింది ఇదొక్కటే.

తొండియార్‌పేట నుంచి బస్సులో వస్తుంది, తిప్పుతుంది, వెళ్తుంది. నాలుగు నెలల కింద ఆమె భర్త పాల్‌రాజ్ హార్బరులో మూట దించి, ఛాతీ పట్టుకుని కూర్చుని, మళ్ళీ లేవలేదు. మేరి ఏడవలేదు. చర్చి ఆడవాళ్ళు ఓపికగా చుట్టూ కూర్చున్నారు, రెండుసార్లు కాఫీ తాగారు, ఆమె ఎంతకీ ఏడవకపోయేసరికి కాస్త నొచ్చుకుని వెళ్ళారు.

ఆ మధ్యాహ్నం మేరి నాలుక దారికొచ్చాక కస్తూరమ్మ చెప్పింది.

"పెండ్లయిన ఏడు నుంచీ ప్రతి ఆడి నెలా, అదే ఆషాఢంలో, బుక్కుకొక లవంగం పెడతా, పురుగు పట్టకుండా. నాకు చదువు రాదు. ఆయన బుక్కుల్లో నేను చేసింది అదొకటే."

"ఏ పేజీలో పెడతారమ్మా?"

"బొమ్మ ఉంటే ఆడ. లేకుంటే నడిమధ్యన."

"ఆయనకు తెలుసా?"

"తెలీకేం? తెరిచినప్పుడల్లా తుమ్మేటోడు."

మర్నాటి నుంచి కోదండరాం కొత్త నియమం పెట్టాడు. లవంగాలన్నీ ఏరి కుప్పతొట్టిలో వెయ్యాలి. ఇక ఏ పేజీ మీదైనా చెత్త కనబడితే ఆ పని వేరేవాళ్ళకు. మేరి చేతులు వారం రోజులు ఏరాయి.

శనివారం కస్తూరమ్మ గుమ్మంలో నిలబడి గాలి పీల్చింది. మళ్ళీ పీల్చింది.

"ఎవురింటికో వచ్చినట్టుండాదే," అని లోపలికెళ్ళిపోయింది.

పాల్‌రాజ్ చొక్కాలన్నీ ఉతికి చర్చికిచ్చేసిన రోజు బీరువా తెరిస్తే ఏ వాసనా రాకపోవడం మేరికి గుర్తొచ్చింది. గుర్తొచ్చిందంతే. ఏమీ అనిపించలేదు. తొట్టి దగ్గరికెళ్ళి చూసింది, అప్పటికే ఖాళీ చేసిపోయారు.

సోమవారం నుంచి లవంగం కనబడ్డ చోటల్లా ముందు దాన్ని అలాగే ఉంచి మీట నొక్కింది. తర్వాత తీసి, పేజీ శుభ్రంగా ఉండగా ఇంకోసారి నొక్కింది. ఆపైన లవంగాన్ని దాని పేజీలోనే పెట్టి పుస్తకం మూసింది. ఇదంతా కావాలని చేసింది. పని పోతుందని తెలిసే చేసింది.

పది రోజులకు కోదండరాం చేతిలో ఫోనుతో ఊగిపోతూ వచ్చాడు.

"ఏంటమ్మా ఇది! ముప్పై ఎనిమిది పుస్తకాల్లో పేజీ మీద లవంగం! యూనివర్సిటీ వాళ్ళు ఇదేం చెత్తని అడుగుతున్నారు. ఏం చెప్పమంటావు?"

మేరి పొడివేలితో పేజీ తిప్పి, తలెత్తకుండానే అంది.

"దాన్ని కూడా కేటలాగులో ఎక్కించమనండి సార్, పెట్టినోళ్ళు కస్తూరమ్మ అని."